ప్రజల మనిషి శాసనసభకు వెళ్ళిన తరువాత

మన భాషలో రాజకీయ నాయకుల జీవితాలను గూర్చిన రచనలకు కొరత లేదు. నాయకుడు బ్రతికి వుండగా షష్టిపూర్తి సంచికలు వస్తాయి. కన్నుమూసిన మర్నాడు పత్రికల్లో నివాళులు వస్తాయి. ఏడాది తిరిగేసరికి సంస్మరణ సంచిక వస్తుంది. శాసనసభ ఆమోదించే సంతాప తీర్మానం కూడా ఒక విధమైన జీవితచరిత్రే. వీటిని రచనలుగా ఎంచి విమర్శించే అలవాటు మనకు లేదు. అవి మర్యాదకోసం వ్రాసేవి గనుక వాటిలో తప్పొప్పులు వెదకడం బాగుండదని వదిలేస్తాము. కాని పుస్తకం కొని చదవని వాళ్ళు కూడా చదివే జీవితచరిత్రలు ఇవే. ఏ నాయకుడు మంచివాడు, ఏ పని గొప్పది, దేనిని గూర్చి మాట్లాడకపోవడం పెద్దమనిషితనం అనే విషయాలు సామాన్య పాఠకుని మనస్సులో స్థిరపడేది వీటి ద్వారానే. ఇంత పని చేస్తున్న రచనను విమర్శ పట్టించుకోకపోతే ఆ లోపం విమర్శదే అవుతుంది.

ఈ వ్యాసానికి నేను తీసుకున్న వుదాహరణ సోలిపేట రామలింగారెడ్డి గారి జీవితం. ఆయన రాష్ట్రమంతటా మోగిన పేరు కాదు. అందుకనే తీసుకున్నాను. ముఖ్యమంత్రుల జీవితాలను గూర్చి వ్రాసేటప్పుడు రచయిత దృష్టి సింహాసనం దగ్గరే ఆగిపోతుంది. ఒక నియోజకవర్గానికి పరిమితమైన నాయకుని జీవితంలోనైతే వూళ్ళు కనిపిస్తాయి. వూళ్ళలోని మనుషులు కనిపిస్తారు.

ఆయన 1961 అక్టోబరు 2న పుట్టారు. స్వగ్రామం దుబ్బాక మండలంలోని చిట్టాపూర్. ‘ఉదయం’, ‘వార్త’ పత్రికలలో చాలాకాలం విలేఖరిగా పనిచేశారు. మెదక్ జిల్లా పల్లెల్లో ఒకవైపు నక్సలైటు వుద్యమమూ, మరొకవైపు దానిపై పోలీసు నిర్బంధమూ సాగిన రోజులవి. దేశంలో టాడా చట్టం క్రింద కేసు నెదుర్కొన్న మొదటి పాత్రికేయుడని ఆయనకు పేరు. తరువాత ప్రత్యేక తెలంగాణ వుద్యమం వచ్చింది. తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థిగా 2004లో దొమ్మాట నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 2008 ఉపఎన్నికలో మళ్ళీ గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజనలో దొమ్మాట పోయి దుబ్బాక వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన 2014లోనూ, ఆపైన 2018లోనూ దుబ్బాక ఆయననే ఎన్నుకున్నది. శాసనసభ అంచనాల కమిటీకి అధ్యక్షులుగా వున్నారు. 2020 ఆగస్టు 6న, 58 ఏళ్ళ వయస్సులో చనిపోయారు.

ఈ జీవితాన్ని గూర్చి ఆనాడు వచ్చిన నివాళులలో ఒక సామాన్య నిర్మాణం వున్నది. మొదటి భాగం ధిక్కారం: నిర్బంధానికి వెరవని విలేఖరి. రెండవ భాగం వుద్యమం: స్వరాష్ట్రంకోసం పోరాడిన కార్యకర్త. మూడవ భాగం సేవ: పిలిస్తే పలికే శాసనసభ్యుడు, నిరాడంబరుడు. ఈ మూడింటినీ కలిపి కుట్టే దారం ఒక్కటే మాట, ‘ప్రజల మనిషి’. అబద్ధాలు వ్రాశారని నేననడం లేదు. ఆయన నిరాడంబరుడే కావచ్చును, పిలిస్తే పలికేవారే కావచ్చును. నా అభ్యంతరం వేరు. ధిక్కరించిన మనిషి పాలక పక్షంలోకి వెళ్ళి కూర్చోవడం ఒక పెద్ద సంఘటన. ఏ జీవితచరిత్రలోనైనా కథ మలుపు తిరిగే ఘట్టం అదే. ఈ నివాళులలో ఆ మలుపే లేదు. ఒక గదిలోనుండి ఇంకొక గదిలోకి నడిచినట్లు, మనిషి ధిక్కారంలోనుండి అధికారంలోకి నడిచిపోతాడు. మధ్యన గడప కూడా వుండదు.

‘ప్రజల మనిషి’ అనేది వూరికే పుట్టిన మాట కాదు. అది మన అభ్యుదయ సాహిత్యం ఇచ్చిన మాట. వట్టికోట ఆళ్వారుస్వామి 1950లలో ప్రచురించిన నవలకు పెట్టిన పేరది. ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల నడిపి, జైలుకు వెళ్ళి, 1961లో చనిపోయేవరకు ప్రజలమధ్యనే బ్రతికిన రచయిత. ఆయన నవలలో దిమ్మెగూడెమనే వూరున్నది, రామభూపాలరావు అనే దేశముఖున్నాడు, వెట్టి వున్నది. ఆ వూళ్ళో పుట్టిన కంఠీరవం క్రమంగా ప్రజల మనిషిగా ఎదుగుతాడు. ‘ఎదుగుతాడు’ అనే మాటను గమనించాలి. కంఠీరవం పుట్టుకతో నాయకుడు కాడు, గుణగణాల చేత నాయకుడు కాడు. దొరకూ, వూరికీ మధ్య నున్న వైరుధ్యం అతన్ని ఆ వైపుకు తోస్తుంది. ఆ వైరుధ్యంలో అతడు ఒక పక్షం తీసుకొంటాడు గనుకనే ఆ పేరు అతనికి చెల్లుతుంది. ఆళ్వారుస్వామి దృష్టిలో ‘ప్రజల మనిషి’ అంటే ఒక సుగుణం కాదు, ఒక సంబంధం. మంచితనం ఎవరికైనా వుండవచ్చు, దొరల్లోనూ దయగలవాళ్ళుంటారు. ఎవరి పక్షాన, ఎవరికి ఎదురుగా నిలిచాడన్నదే ప్రజల మనిషిని తేలుస్తుంది.

నివాళి రచయితలు ఈ మాటను తీసుకొని దానిలోని సంబంధాన్ని తీసివేసి, సుగుణాన్ని మిగిల్చారు. అందరితో కలుపుగోలుగా వుండేవాడు ప్రజల మనిషైపోయినాడు. పెళ్ళికి పిలిస్తే వచ్చేవాడు ప్రజల మనిషైపోయినాడు. మాట బ్రతికే వున్నది, అందులోని ప్రశ్న చచ్చిపోయింది.

అయితే తప్పంతా నివాళి రచయితల మీద వేయడం న్యాయం కాదు. మన సాహిత్యమే ప్రజల మనిషిని ఒకచోటి దాకా తీసుకువచ్చి ఆగిపోయింది. కంఠీరవం కాలం నిజాం పాలనది. అతడు అధికారానికి ఎదుట నిలిచినవాడే గాని, అధికారంలో కూర్చున్నవాడు కాడు. తెలంగాణ పోరాటాన్ని గూర్చి వచ్చిన నవలలూ, నాటకాలూ, కథలూ దాదాపుగా అన్నీ అక్కడే ఆగుతాయి. స్వీయచరిత్రలైనా అంతే. పుచ్చలపల్లి సుందరయ్య గారి ‘విప్లవ పథంలో నా పయనం’ ఒక పోరాటకారుని చరిత్ర. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి నెహ్రూకంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళిన రావి నారాయణరెడ్డి గారి జీవితం కూడా ప్రతిపక్షంలోనే గడిచింది. ఇటువంటి నాయకులు చట్టసభలకు వెళ్ళినా అక్కడ ఎదుటి బల్లలమీదనే కూర్చున్నారు. అందుచేత, ప్రజలలోనుండి వచ్చినవాడు పాలకపక్షపు బల్లమీద కూర్చున్నప్పుడు ఏమవుతుందనే కథను వ్రాయవలసిన అవసరం మన రచయితలకు తీరికగా కనిపించలేదు. ఆ ఖాళీలోకి నివాళి వచ్చి కూర్చున్నది.

ఆ ఖాళీని నింపే అధ్యాయం రామలింగారెడ్డి గారి నియోజకవర్గంలోనే వున్నది. దాని పేరు వేములఘాట్.

వేములఘాట్ తొగుట మండలంలోని గ్రామం. 2016 అక్టోబరు 11 వరకు మెదక్ జిల్లాలోనూ, ఆ తరువాత సిద్దిపేట జిల్లాలోనూ వుండేది. చుట్టుపట్ల ప్రాంతం వర్షాధారపు మెట్ట. కూడవెల్లి వాగు పారితే పారినట్టు, లేకుంటే లేనట్టు. చెరువులు, కుంటలు, వాటి తరువాత బోర్లు, మక్క, పత్తి, భూమి లేనివాళ్ళకు కైకిలి, పక్కన దుబ్బాకలో మగ్గాలు, ఇళ్ళలో ఆడవాళ్ళ చేతుల్లో బీడీలు. ఇటువంటి ప్రాంతానికి నీళ్ళు అవసరమా అని అడగడం కూడా పరిహాసమే అవుతుంది. బోరు వేసి నీరు పడక, మళ్ళీ బోరు వేసి అప్పులపాలైన రైతు ఆ ప్రాంతమంతటా వున్నాడు. ప్రత్యేక రాష్ట్ర వుద్యమం ఎత్తిన మూడు నినాదాలలో మొదటిది నీళ్ళు. ఆ నినాదం వీధిలో పుట్టినదే గాని సచివాలయంలో పుట్టినది కాదు. ఈ సంగతిని మరిచిపోయి చేసే ఏ విమర్శ అయినా తేలికపాటి విమర్శే.

కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో 50 టి.ఎం.సి.ల సామర్థ్యంతో మల్లన్నసాగర్ జలాశయాన్ని తలపెట్టారు. పాత ప్రాణహిత–చేవెళ్ళ రూపకల్పనలో అక్కడ వున్నది ఒకటిన్నర టి.ఎం.సి. మాత్రమే. ఈ పెరుగుదలతో తొగుట, కొండపాక మండలాల్లోని ఎనిమిది గ్రామాలు ముంపు క్రిందికి వచ్చాయి: ఏటిగడ్డకిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, రాంపూర్, లక్ష్మాపూర్, బంజేరుపల్లి, ఎర్రవల్లి, సింగారం. ఎదురుతిరిగిన గ్రామాలన్నింటిలో వేములఘాట్ పేరు ఎక్కువగా వినిపించడానికి కారణమున్నది. 2016 జూన్‌లో అక్కడ రిలే నిరాహారదీక్షలు మొదలైనాయి. అదే సంవత్సరం జూలై 24న, ముంపు గ్రామాలవాళ్ళు రాజీవ్ రహదారి మీదికి వచ్చినప్పుడు లాఠీచార్జి జరిగింది. దీక్షలు ఆగలేదు. వెయ్యిరోజులు దాటి సాగాయి. ఒక పల్లె, పొలం పనులు చేసుకొంటూ, వంతులు వేసుకొని, వెయ్యి రోజులపాటు ‘కాదు’ అని చెప్పడం మన ప్రాంతపు చరిత్రలో చిన్న విషయం కాదు.

వాళ్ళు దేనికి ‘కాదు’ అన్నారో చూడాలి. పార్లమెంటు చేసిన 2013 నాటి భూసేకరణ చట్టం 2014 జనవరి 1నుండి అమలులోకి వచ్చింది. 1894నాటి బ్రిటిష్ చట్టాన్ని అది రద్దు చేసింది. సామాజిక ప్రభావాన్ని ముందుగా అంచనా కట్టాలనీ, పట్టాదారునికే గాక ఆ భూమి మీద మూడేళ్ళుగా బ్రతుకుతున్న కూలీకి, కౌలుదారుకు, చేతివృత్తివానికి కూడా పునరావాసం ఇవ్వాలనీ అది చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2015 జూలై 30న 123 నెంబరు ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం భూమిని ‘సేకరించదు’, ఇష్టపడి అమ్మేవారి దగ్గర ‘కొంటుంది’. కొనుగోలుకు చట్టపు నిబంధనలతో నిమిత్తం లేదు. భూమిలేని కూలీకి ఆ బేరంలో చోటే లేదు. వేములఘాట్ కోరినది 2013 చట్టం. ప్రభుత్వం ఇవ్వజూపినది 123 ఉత్తర్వు.

ఈ ఉత్తర్వును నేను ఒక రచనగా కూడా చూడమంటాను. అందులో ముఖ్యపాత్ర ‘ఇష్టపూర్వకంగా అమ్ముకొనే భూయజమాని’. దుకాణంలో బేరమాడే ఇద్దరు సమానుల చిత్రం అది. కొనేవాడి వెనుక పోలీసూ, రెవెన్యూ యంత్రాంగమూ వున్నవని గాని, అమ్మనంటే పక్క పొలాలన్నీ నీటిలో మునిగి తన పొలం ఒక్కటే మిగిలే దారి లేదని గాని ఆ చిత్రంలో కనిపించదు. ఒకవైపు కాగితం మీద ఇష్టం, మరొకవైపు శిబిరంలో వెయ్యిరోజుల అయిష్టం. వాస్తవికతను గూర్చి మన పత్రికల్లో ఎన్నో చర్చలు జరిగినాయి. రూపం వస్తువును దాచివేయడానికి ఎట్లా పనికివస్తుందో చెప్పడానికి ఇంతకంటె మంచి వుదాహరణ నాకు ఏ నవలలోనూ దొరకలేదు.

ఆ తరువాత ఇంకొక మాట వచ్చింది: ‘త్యాగం’. ముంపు గ్రామాల ప్రజలు త్యాగధనులన్నారు. త్యాగం చేసేవాడు తనకు వుంచుకొనే హక్కు వుండి కూడా ఇచ్చేవాడు. వుంచుకొనే హక్కు తీసివేసి, పోగొట్టుకొన్నవాణ్ణి త్యాగి అని పిలవడం మాటకు చేసే అపచారం. పొగడ్త పరిహారంలో భాగం కాదు. ఈ రెండు మాటలూ, ‘ఇష్టం’, ‘త్యాగం’, ‘ప్రజల మనిషి’కి తోబుట్టువులే. మూడింటిలోనూ జరిగిన పని ఒక్కటే: రెండు పక్షాల మధ్యనున్న ఘర్షణను తీసివేసి ఒక మనిషి మంచి గుణాన్ని దాని స్థానంలో పెట్టడం.

123 ఉత్తర్వును 2016 ఆగస్టు 3న హైకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పుకు దారితీసిన పిటిషన్ భూయజమానులది కాదు, జహీరాబాద్ పారిశ్రామిక మండలి ప్రాంతంలోని వ్యవసాయ కూలీలది. ఇది గమనించదగ్గ విషయం. భూమి లేనివాడే చట్టాన్ని భూమిమీదికి దించాడు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. కూలీలకోసం అంటూ కొత్త ఉత్తర్వులు తెచ్చింది. 2017 జనవరిలో డివిజన్ బెంచి ఆ ఉత్తర్వు క్రింద కొనుగోళ్ళను నిలిపివేసింది. అంతకు కొద్దిరోజుల ముందే, 2016 డిసెంబరులో, శాసనసభ 2013 చట్టానికి రాష్ట్ర సవరణను ఆమోదించింది. నీటిపారుదల వంటి పథకాలకు సామాజిక ప్రభావ అంచనానుండి మినహాయింపు ఇవ్వడానికీ, పునరావాసానికి బదులు ఒకేసారి మొత్తం చెల్లించడానికీ దారి ఏర్పడింది. కేంద్రం చెప్పిన మార్పులతో 2017లో ఆ బిల్లు మళ్ళీ సభకు వచ్చి ఆమోదం పొందింది. వేములఘాట్ ప్రతినిధి కూర్చున్న సభ అదే.

ఇక్కడ పాఠకుడు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఒకనాడు నిర్బంధ చట్టం క్రింద ముద్దాయిగా నిలిచిన విలేఖరికీ, ఆ సభలో పాలకపక్షపు సభ్యునికీ ఏమి సంబంధం? దీనికి రెండు సులువైన జవాబులున్నాయి. ఒకటి భక్తునిది: ఆయన ఎన్నడూ మారలేదు, విలేఖరిగా చేసిన ప్రజాసేవనే శాసనసభ్యునిగా కొనసాగించారు. రెండవది నిందకునిది: పదవి వచ్చింది, మనిషి అమ్ముడుపోయినాడు. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి గాని, రెండింటి పునాదీ భావవాదమే. మనిషి గుణమే చరిత్రను నడుపుతుందని రెండూ నమ్ముతాయి. మంచిగుణమని ఒకరంటారు, చెడ్డగుణమని మరొకరంటారు.

గుణాన్ని పక్కన పెట్టి స్థితిని చూద్దాము. దుబ్బాకకు ఒక పక్క సిద్దిపేట, మరొక పక్క గజ్వేల్. 2014నుండి 2018వరకు సిద్దిపేట సభ్యుడు నీటిపారుదల మంత్రి హరీశ్‌రావు. గజ్వేల్ సభ్యుడు ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు. మల్లన్నసాగర్ ఎంత వుండాలో దుబ్బాకలో నిర్ణయించే వ్యవహారం కాదు. పైగా 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధం ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటువేసిన సభ్యుడు సభ్యత్వానికే ఎసరు తెచ్చుకొంటాడు. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధి ప్రజల మాటను సభలో చెప్పాలంటే ముందు పార్టీ అనుమతి తీసుకోవాలి. నాయకుడు పెద్దవాడని నివాళి చెప్పేచోట, ఈ వ్యవస్థలో శాసనసభ్యుడు ఎంత చిన్నవాడో చూపించడం జీవితచరిత్ర పని.

“అయితే ఆయనకు బాధ్యత లేదంటారా?” అని అడిగేవారుంటారు. నేను అలా అనడం లేదు. స్థితి మనిషి ముందు దారులను తగ్గిస్తుంది, మూసివేయదు. 2008లో తెలంగాణకోసం పార్టీ సభ్యులు సామూహికంగా రాజీనామా చేసినప్పుడు ఆయనా రాజీనామా చేసి మళ్ళీ ప్రజల తీర్పు కోరారు. రాజీనామా అనే ఆయుధం ఆయన ఎరిగినదే. రాష్ట్రంకోసం వాడిన ఆయుధాన్ని ఒక పల్లెకోసం వాడలేదు. ఎందుకు వాడలేదన్నదే అసలైన జీవితచరిత్ర రచయిత దగ్గర ఆగవలసిన ప్రశ్న. దీనికి జవాబు మనిషి గుండెలోనే వెదికితే దొరకదు, అంకెల్లో కొంత దొరుకుతుంది.

2018 ఎన్నికలలో రామలింగారెడ్డి గారికి 89,299 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 62,500. వేములఘాట్‌లో దీక్షా శిబిరం నడుస్తుండగానే ఈ ఫలితం వచ్చింది. ఎన్నికల లెక్కలో ఒక గ్రామం ఎంత? ముంపు గ్రామాలన్నీ కలిసినా ఎంత? పింఛను అందుకొన్న ముసలమ్మ, రైతుబంధు అందుకొన్న పట్టాదారు, కాలువ వస్తుందని ఎదురుచూస్తున్న దిగువ రైతు, వీళ్ళందరూ కూడా ప్రజలే. జలాశయపు లెక్క కూడా ఇటువంటిదే: ఇన్ని గ్రామాలు పోతాయి, ఇన్ని లక్షల ఎకరాలు పారుతాయి. ఓట్ల లెక్కా, ఎకరాల లెక్కా ఒకే కూడిక, ఒకే తీసివేత. కంఠీరవానికి ఈ చిక్కు లేదు. అతనికి ఒకవైపు దొర, మరొకవైపు వూరంతా. వేములఘాట్‌లో దొర కనిపించడు. ఒకవైపు ప్రజలు, మరొకవైపూ ప్రజలే; వాళ్ళమధ్యన కట్ట. ఆ కట్టవల్ల లాభపడే గుత్తేదారు కథలో ఎక్కడో వెనుక వుంటాడు.

కాబట్టి ‘ప్రజల మనిషి’ అన్న మాటను నేడు వాడదలచినవాడు ఏ ప్రజలో చెప్పితీరాలి. ఎక్కువమంది పక్షాన నిలవడమే ప్రజల పక్షాన నిలవడమని అనుకొంటే, మునిగేవాడు ఎప్పుడూ కొద్దిమందిలోనే వుంటాడు; అతనికి ప్రజల మనిషి ఎన్నడూ దొరకడు. అభ్యుదయ దృష్టి ఎక్కువతక్కువల దగ్గర ఆగదు. మెజారిటీకి మేలు జరగాలంటే, ఆ మేలుకు మూల్యం చెల్లించేవాని హక్కు ముందు తేలాలి. నీళ్ళు వద్దని వేములఘాట్ అనలేదు. తన చట్టం తనకు కావాలన్నది. ఆ చట్టాన్ని ఇచ్చివుంటే దిగువ రైతు నోట ముద్ద జారిపోయేది కాదు. రెండు పక్షాల ప్రజలకు మధ్య వైరం సహజమైనది కాదు, ఖర్చు తగ్గించుకోవడానికీ, వేగంగా పని ముగించడానికీ పాలన కల్పించినది. ఈ తేడాను పట్టుకొని సభలో చెప్పగలిగినవాడు వుంటే ఆ పేరు అతనికి చెల్లేది.

ఈ ప్రశ్న ఒక పార్టీకి సంబంధించినది మాత్రమే అనుకొంటే మనల్ని మనం మోసం చేసుకొన్నట్టే. భూమికోసం పోరాడి అధికారానికి వచ్చిన పశ్చిమబెంగాల్ వామపక్ష ప్రభుత్వమే సింగూరులో కార్ల కర్మాగారంకోసం 2006లో రైతుల భూమి తీసుకొన్నది. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. సింగూరు సేకరణ చెల్లదని సుప్రీంకోర్టు 2016 ఆగస్టు 31న తీర్పు చెప్పింది, మన హైకోర్టు 123 ఉత్తర్వును కొట్టివేసిన నెలలోనే. 2013 చట్టం పుట్టింది కూడా ఇటువంటి ఘర్షణల నుండే. ఆనకట్టల విషయంలోనూ మన సాహిత్య సంప్రదాయం నిర్దోషి కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు, 1963 జూలై 26న పోచంపాడుకు నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ప్రగతి అన్న మాటకు ఆనకట్టే ప్రతీక అయింది. 1981లో శ్రీశైలం ముంపు గ్రామాలను ఖాళీ చేయించేనాటికి కూడా ఆ ప్రతీక చెక్కుచెదరలేదు. నీటిని గూర్చి మనవాళ్ళు వ్రాసినంత, నీటి క్రిందికి వెళ్ళినవాళ్ళను గూర్చి వ్రాయలేదు.

తరువాతి కథను క్లుప్తంగా చెప్తాను. రామలింగారెడ్డి గారి మరణంతో వచ్చిన ఉపఎన్నిక 2020 నవంబరు 3న జరిగింది. పార్టీ అభ్యర్థిగా నిలబడిన ఆయన సతీమణి సుజాత గారు 1,079 ఓట్ల తేడాతో భారతీయ జనతాపార్టీ అభ్యర్థి రఘునందన్‌రావు చేతిలో ఓడిపోయారు. రెండేళ్ళలో 62,500 ఆధిక్యం ఆవిరైంది. ఇది వేములఘాట్ శాపమని కవిత్వం చెప్పడం తేలికే గాని అది శాస్త్రీయం కాదు; ఒక ఉపఎన్నికకు కారణాలు అనేకం వుంటాయి. కాని ఒక్క సంగతి తేలింది. సుగుణాల జాబితాగా మారిన ‘ప్రజల మనిషి’ మీద సానుభూతి వుంటుంది గాని, ఆ సానుభూతి రాజకీయ సంబంధంగా నిలబడదు.

2021లో వేములఘాట్‌ను ఖాళీ చేయించారు. ఇళ్ళు కూల్చారు. గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీకి జనం తరలిపోయారు. ఆ జూన్‌లోనే, ఆ వూరి వృద్ధ రైతు ఒకరు కూల్చిన తన ఇంటి కర్రలనే చితిగా పేర్చుకొని అందులో ప్రాణం విడిచినట్లు పత్రికలు వ్రాశాయి. 2022 ఫిబ్రవరి 23న ముఖ్యమంత్రి జలాశయాన్ని జాతికి అంకితం చేశారు. 2023 అక్టోబరులో, ఈ పథకానికంతటికీ మొదటి మెట్టు అయిన మేడిగడ్డ ఆనకట్ట స్తంభాలు కుంగిపోయాయి. పథకం మీద న్యాయవిచారణ కమిషన్ ఏర్పడింది. వేగంకోసం, ఖర్చుకోసం పల్లెల చట్టాన్ని ప్రక్కకు నెట్టినవారు సాధించిన వేగం ఏపాటిదో, పొదుపు ఏపాటిదో ఆలోచించడానికి ఇది కూడా ఒక ఆధారం.

ఇక జీవితచరిత్ర ఎట్లా వుండాలి? నాకు తోచిన పద్ధతి ఇది. నాయకుని జీవితాన్ని గదులుగా విభజించకుండా, గడప దగ్గర మొదలుపెట్టాలి. ఆయన విలేఖరిగా పల్లెలను గూర్చి వ్రాసిన వార్తలను ఒక పక్కనా, ఆయన సభ్యునిగా వున్న సభ ఆమోదించిన చట్టాలను మరొక పక్కనా వుంచి చదవాలి. విలేఖరి రామలింగారెడ్డి 2016లో వేములఘాట్ శిబిరానికి వెళ్ళివుంటే ఏమి వ్రాసేవారో ఆ పాత వార్తలే చెప్తాయి. అది శాసనసభ్యుని మీద అభియోగపత్రం కానక్కరలేదు. ఒకే మనిషిలో రెండు స్థితులు ఎట్లా ఘర్షించాయో, ఏది గెలిచిందో, గెలిపించిన శక్తులేవో చూపించే వాస్తవిక చిత్రం అవుతుంది. ఆ పుస్తకంలో పార్టీ నాయకులకెంత చోటుందో, కైకిలి చేసుకొనే మనిషికి అంత చోటుండాలి; సేకరణ జాబితాలో పేరు లేని కౌలుదారుకూ వుండాలి. ఓట్ల లెక్కలతోపాటు దీక్షల రోజుల లెక్క కూడా వుండాలి. చనిపోయినవారిని గూర్చి చెడు మాట్లాడరాదన్నది మన సంప్రదాయం. మంచిదే. కాని నిజం మాట్లాడడం చెడు మాట్లాడడం కాదు. నిజం చెప్పకుండా దండ వేయడమే, పోయినవానిని చిన్నపరచడం.

ఇటువంటి రచన వస్తే రామలింగారెడ్డి గారి గౌరవానికి భంగం కలుగుతుందని నేననుకోను. నిర్బంధాన్ని ఎదుర్కొన్న ఆ యువ విలేఖరి జీవితానికి అప్పుడే పూర్తి విలువ తెలుస్తుంది. ఆ విలువను ఏ వ్యవస్థ ఎట్లా అరగదీసిందో కూడా తెలుస్తుంది. రాబోయే కాలంలో ఇంకొక వూరినుండి ఇంకొక యువకుడు కలం పట్టుకొని బయలుదేరుతాడు; నాలుగేళ్ళకో, నలభై ఏళ్ళకో శాసనసభ మెట్లెక్కుతాడు. అతడు చదవడానికి మనదగ్గర కంఠీరవం కథ వున్నది, నివాళుల కట్ట వున్నది. ఈ రెండింటికీ మధ్యన వుండవలసిన పుస్తకం లేదు. దానిని వ్రాయవలసిన బాధ్యత నివాళి రచయితలది కాదు, అభ్యుదయ రచయితలది.